బావిలో పడ్డ డిటెక్టివ్, నా పెళ్ళిచూపులు

పత్రిక అంటే మొదటి పేజీ అని లోకమంతా నమ్మే ఆ రోజుల్లో నాకు మాత్రం అది చివరి పేజీ నుంచి మొదలయ్యేది. మూడు గళ్ళ బొమ్మల కథ అక్కడే వచ్చేది. అప్పుడే రాయచూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాను. మీసాలు కూడా వచ్చేశాయి (వచ్చాయనే నేను అనుకునేవాణ్ణి). అయినా పొద్దున్నే ఆ గళ్ళు కత్తిరించి ట్రంకుపెట్టెలో వరుసగా దాచుకోనిదే పనికి కదిలేవాణ్ణి కాను. ఒకరోజు కథలోని డిటెక్టివ్ బావిలో పడ్డాడు. మర్నాటి పేజీని నేను చూడకముందే మా అమ్మ ఆవకాయ జాడీ మూతికి వాసెనగా కట్టేసింది. నూనెలో ఒక్క గీత కూడా మిగల్లేదు. ఆ తర్వాతి రోజు పత్రికలో డిటెక్టివ్ ఒడ్డున నిలబడి బట్టలు పిండుకుంటున్నాడు. ఎలా బయటపడ్డాడో మిల్లులో ఎవరినడిగినా నన్ను జాలిగా చూశారు.

ఆ బెంగలో ఉండగానే మా మేనమామ నన్ను దేవసూగూరుకు పెళ్ళిచూపులకు తీసుకెళ్ళాడు. అమ్మాయి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె వెనక గోడ అలమరలో ఇత్తడి గిన్నెలు, వాటి కింద పరిచిన పాత పత్రిక. అంచును అందంగా కత్తిరించి వేలాడదీశారు. చూద్దును కదా, నాకు దక్కకుండా పోయిన ఆ రోజు పేజీయే, అందులో నా బావి. మూడో గడి మాత్రం కత్తెరపాలైంది. నేను మెడ సాచాను.

“అబ్బాయి అలమర దిక్కే చూస్తుండు. గిన్నెలు కొననీకి వచ్చిండా ఏంది?” అన్నాడు అమ్మాయి తండ్రి.

మామయ్య నా తొడ గిల్లి, “పిల్లనేమన్న అడుగురా” అన్నాడు. అడిగాను.

“బావిల పడ్డోడు బయటికెట్ల వచ్చిండు?”

“ఎవరి పిల్లోడు పడ్డడే?” అంటూ వాళ్ళ అవ్వ లేచి నిలబడింది.

అమ్మాయి తల ఎత్తింది. “బొక్కెనల కూసున్నడు. దొంగకు దూపయ్యింది. నీళ్ళనుకోని ఆయననే పైకి గుంజిండు.”

నేను పకపకా నవ్వాను. ఆమె కూడా నవ్వింది. మిగతావాళ్ళెవరూ నవ్వలేదు.

తిరుగు బస్సులో మామయ్య, “పిల్లను చూడుమంటె పేపరు చూస్తివి. ఇగ ఈ సంబంధం అయినట్లే” అని తల కొట్టుకున్నాడు. డిటెక్టివ్ సంగతి తేలినా నా బెంగ తీరలేదని, అది వేరే బెంగగా మారిందని నాకప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకు ఆయనే అయోమయంగా మా ఇంటికి వచ్చాడు. “ఆ పిల్ల అడిగి పంపిందిరా. గబ్బూరుల మేనత్తోళ్ళింటికి పోయి కథ మొదలు చదవలేదంట. నీ తాన ఉన్నదా అంటుంది.”

ట్రంకుపెట్టె నేనే మోసుకెళ్ళాను.

ఇప్పుడు పాత బొమ్మల కథలన్నీ ఫోనులోకే వస్తున్నాయి. కళ్ళద్దాలు సర్దుకుని నేనింకా సగంలో ఉండగానే, పక్కనుంచి మా ఆవిడ ముగింపు చెప్పేస్తుంది. జర ఆగరాదా అందామని నోటిదాకా వస్తుంది. అనను. పెళ్ళికి ముందే ముగింపు అడిగిన మొగుడికి ఆ హక్కెక్కడిది?