పక్కింటి శాలువా

మాది మల్కాపురం. మా ఆయన పోర్టులో షిఫ్టు ఉద్యోగి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అరకు వెళ్ళాం, అంతే! పక్కింటి రమణమ్మ మాత్రం ఏడాదికో చోటు తిరిగి వస్తుంది. ఊటీ, డార్జిలింగ్, సిమ్లా అన్నీ అయిపోయాయి. వెళ్ళే ప్రతిసారీ తులసికి నీళ్ళు పొయ్యమని ఇంటి తాళం నా చేతిలో పెడుతుంది. మంచుకొండలు ఆవిడకి, చెంబు నాకు!

పోయిన వేసవిలో కాశ్మీరు వెళ్ళింది. స్టేటస్‌లో పడవ మీద ఒక ఫొటో, గుర్రం మీద ఒక ఫొటో. చూసి నా కడుపు మండిపోయింది. ఆ మంటతోనే తులసి ఆకుల మీది నల్లటి దుమ్ము కడిగి, చెంబు పెట్టడానికి లోపలికి వెళ్ళాను. వారగా తెరిచివున్న బీరువాలో ఆవిడ సిమ్లాలో కొన్న ఎర్ర శాలువా కనిపించింది. ఒళ్ళంతా చెమటలు కారుతున్నా దాన్ని కప్పుకుని, అద్దం ముందు మంచులో నడుస్తున్నట్టు వయ్యారాలు పోయాను. ఇంతలో చేతిలో ఫోను మోగితే అలవాటుగా నొక్కేశాను. వీడియో కాల్!

"వదినా, మంచు సూడు, ఎంతుందో!" అంటూనే రమణమ్మ ఆగిపోయింది. "అదేటి, ఆ సాలువా నాది కదా!"

"సలేత్తందని కప్పుకున్నాను" అన్నాను. మే నెలలో, మల్కాపురంలో! వెనక ఆవిడ ఇంటివాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

వస్తూ నాకూ ఒక శాలువా తెచ్చింది. ఆవిడ శాలువాకే అంచు బాగుందని నాకింకా కుళ్ళే. మొన్న మున్నార్ వెళుతూ ఇంటి తాళం మళ్ళీ నాకే ఇచ్చింది. బీరువా తాళం మాత్రం వెంట తీసుకెళ్ళింది.