కొండకు వేపమండ కట్టిన ఊరు

పోయిన ఎండాకాలం మా కొండ కాలుతుంటే, ఆర్పడానికి పరుగెత్తిన మా ఊరివాళ్ళను గేటు దగ్గరే ఆపేశారు. ఇది తప్పు. మంచి ఉద్దేశంతో చేసినా తప్పే.

ఇప్పుడు తొలకరి పడింది. మామూలుగా అయితే తొలివానకు మట్టివాసన రావాలి. ఈ ఏడు కొండ వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా తడిసిన బూడిద వాసన వస్తోంది. అరుగు మీద కూర్చుని ఆ వాసన పీలుస్తుంటే కోపం వస్తుంది, కోపం వెనకాలే మా నాయన, మా అవ్వ, వాళ్ళ కాలంలోని పచ్చటి కొండ కళ్ళముందుకొస్తాయి. నేను బడికి పోయినవాణ్ణి కాదు. హిందూపురం సంతలో బొరుగులు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. నా రాతలో వంకరలుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి. చెప్పే సంగతిలో మాత్రం వంకర లేదు.

పెనుకొండకు దగ్గరలోని మా ఊళ్ళో మాది గొర్రెలూ, కొంచెం మెట్టచేనూ ఉన్న ఇల్లు. అప్పట్లో కొండకు కంచె లేదు, కట్టు ఉండేది. తొలివాన పడి బండల సందుల్లో గడ్డి తల ఎత్తగానే, ఊరి పెద్దలు కొండదారి మొదట్లో అటొక రాయి ఇటొక రాయి నిలబెట్టి, మధ్యలో తాడు లాగి, దానికి వేపమండలు కట్టేవాళ్ళు. అంతే, దసరా దాకా కొండ మూత. గొర్రె ఎక్కకూడదు, కొడవలి ఎక్కకూడదు. ఆ నెలలన్నీ మందలు బీళ్ళలోనూ చెరువు అంచుల్లోనూ మేసేవి. పైన గడ్డి నడుమెత్తు పెరిగి, వెన్ను తీసి, గింజ రాల్చుకునేది. నరికిన మోళ్ళ నుంచే తునికి చిగిర్చేది. సీతాఫలం చెట్లూ పరికి పొదలూ ఒకదాన్నొకటి అల్లుకుని, వాటి కింద కౌజు పిట్టలు గుడ్లు పెట్టేవి. ఎవరైనా ఒక్క మొక్క నాటిన గుర్తు నాకు లేదు. "కొండకు మనం చేసేదేముండాది రా, దాని జోలికి పోకుండా ఉంటే సాలు" అనేది అవ్వ, సంగటి కెలుకుతూ.

కట్టు తప్పినవాడికి డబ్బు జరిమానా లేదు. కొండ నడుమ, బండల గుంతలో వాననీళ్ళు నిలిచే దొన ఒకటుండేది. నెమళ్ళు, కుందేళ్ళు, ఎలుగుబంట్లు అన్నీ తాగేది ఆ నీళ్ళే. ఎవరి గొర్రె కొండెక్కితే వాళ్ళు దొనలో పూడిక ఎత్తిపోయాలి. ఒక ఏడు ఆ పని మా నాయన మీదే పడింది. మా కొమ్ముల పొట్టేలు తాడు కింద దూరి ఎక్కేసింది. దిగేటప్పుడు దాని నోట్లో పచ్చగడ్డి ఊరంతా చూసింది. నాయన తలగుడ్డ చుట్టి, పార భుజాన వేసుకుని బయల్దేరాడు. గంప నెత్తిన బోర్లించుకుని నేను వెనకాలే పోయాను.

దారి పొడుగునా ఎగతాళే. చేనిగట్టు మీద నిలబడి మా చిన్నాయన కేకేశాడు:

"ఏమప్పా, ఎలుగొడ్డుకు నీళ్ళు తోడి పెట్టేకి పోతాండావా?"

"మీ మామగారు వస్తాండాడంట గదా, ఆయనకు నీళ్ళుండొద్దా?" అన్నాడు నాయన, నడక ఆపకుండానే. చిన్నాయన కంటే ముందు ఆయన పెండ్లామే పడీపడీ నవ్వింది.

దొన దగ్గర మాత్రం నాయన నవ్వలేదు. బురద మీద ఒక ఎలుగుబంటి అడుగు జాడ, పక్కనే దానికంటే చిన్నది ఇంకోటి ఉన్నాయి. నాయన గొంతుక్కూర్చుని, పెద్దదాని పక్కన తన అరచేయి ఆనించి చూసుకున్నాడు. "తల్లి. పిల్లను యెంటేసుకోని వచ్చిండాది" అని మెల్లగా అన్నాడు. ఆ పొద్దు పెద్దలు ఎత్తమన్నంత పూడిక ఎత్తేసినా ఆయన పార దించలేదు. కుళ్ళిన ఆకుల వాసన, చల్లటి బంకమట్టి, నా మోచేతుల దాకా బురద, తలెత్తితే బండ మీంచి మమ్మల్నే చూస్తున్న ఉడుము. అడుగున రాయి తెల్లగా కనిపించేదాకా తవ్వి, అప్పుడు నడుం నిమురుకుంటూ లేచాడు. శిక్ష అంటే అట్లా ఉండాలని నాకు అప్పుడే తెలిసింది. చేసినవాడి మనసు కుదుటపడాలి, ఇంకెవరి దాహమో తీరాలి.

దసరాకు తాడు విప్పేవాళ్ళు. ఆ రోజు ఇంటింటా ఓళిగలు, నువ్వుల ఉంటలు, కొర్రబియ్యం పాయసం. మగవాళ్ళు కొడవళ్ళతో, ఆడవాళ్ళు గంపలతో, పిల్లలం చిల్లాకట్టె ఆట సగంలో వదిలేసి పైకి ఉరికేవాళ్ళం. ఇంటి కప్పుకూ పశువులకూ సరిపడా గడ్డి కోసుకున్నాక మందలను తోలేవాళ్ళు; కన్ను విచ్చిన సీతాఫలాలు కోసి, గడ్డిలో మాగబెట్టి, బుగ్గలు జిగటయ్యేలా తినేవాళ్ళం. దొనకు పైనున్న చెట్ల మీద మాత్రం ఎవరూ చేయి వేసేవాళ్ళు కాదు. అవి ఎలుగుబంటి వంతు. కోసీ మేపీ వదిలిన కొండ మీద ఎండాకాలానికి కాలడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అయినా ఎక్కడైనా పొగ లేస్తే తప్పెట మోగేది. పచ్చి కొమ్మలు విరుచుకుని మగవాళ్ళు, తడి గోనెసంచులతో ఆడవాళ్ళు, పిలవకుండానే ఎక్కేవాళ్ళు. మా అవ్వ ఒకసారి సంచిలోని శెనక్కాయలు నట్టింట్లో కుమ్మరించి, ఖాళీ సంచి పట్టుకుని ఉరికింది.

కొన్నేళ్ళ కిందట కొండను బాగు చేస్తామని అటవీ ఆఫీసు నుంచి కొందరొచ్చారు. అప్పటికి మేమూ కట్టు మరిచిపోయాం, కొండ బోడిగుండై ఉండింది. అది మా తప్పు, దాచను. వాళ్ళు గుంతలు తీశారు, వరసగా మొక్కలు నాటారు, చుట్టూ కంచె వేసి గేటు పెట్టారు. అడవికి గొర్రే శత్రువన్నారు. కంచె లోపల గడ్డి పెరిగింది. కోసేవాడు లేక, మేసే నోరు లేక నిలువునా ఎండింది. చివరికొక మిట్టమధ్యాహ్నం అంటుకుంది.

సంచులు తడుపుకుని అందరం ఉరికాం. గేటుకు తాళం. కాపలా ఉన్నవాడు మా మేనల్లుడి వరసే.

"తీయి రా!"

"తాళం చెవి ఆఫీసులో ఉండాది మామా. లోపలికి మనిషిని వదిల్తే నా పని పోతాది."

"కొండే పోతాంటే నీ పనేంది రా?"

వాడు ఏడ్చాడు. మేము నీళ్ళు కారే సంచులు పట్టుకుని కంచె ఇవతల నిలబడి చూశాం. మంటలార్పే బండి వచ్చేసరికి దొన చుట్టూ నలుపే.

ఆ తర్వాత ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కానో. కంచె ఉంటే ఉండనీయండి, కొండకు కాపలాగా మమ్మల్ని లోపలికి రానీయండి. పాత కట్టు మేమే కడతాం, మేమే కాస్తాం అన్నాను. చూస్తామన్నారు. కూర్చోమన్నవాళ్ళు కూడా తక్కువే.

మా మందల వెంటబడే తోడేళ్ళు పోయాయి. తప్పెట కొట్టే ఇంటివాళ్ళు ఊరే వదిలి పోయారు. గడ్డి కప్పు ఇల్లు ఒక్కటీ లేదు. అయినా నేను అదృష్టవంతుణ్ణే. శిక్షకు పోయి ప్రేమతో తవ్విన తండ్రిని చూశాను, ఎలుగుబంటికి పండ్లు వదిలిన ఊళ్ళో పెరిగాను. మొన్న మోళ్ళలో తునికి ఎర్రటి చిగురు తొడిగిందని మందగాళ్ళు చెబితే, ఈ వయసులో చిన్నపిల్లాడిలా కంచె దాకా పోయి చూసొచ్చాను.

ఆ మరునాడే ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి, ధర్మవరం పిల్ల, మా అరుగు మీదకే వచ్చి కూర్చుంది. నేను చెప్పిందంతా విని, నా కోపమంతా పోయనిచ్చి, చివరికి అంది:

"కంచె తీసేసేది నా చేతిలో లేదు తాతా, పైనుంచి రావాల. గేటు తాళం చెవి మాత్రం ఈ పొద్దు నుంచి మీ ఊర్లోనే ఉంటాది. దసరా దాకా గొర్రె ఎక్కకుండా చూసేది మీ పూచీ, ఆనక గడ్డి మీరే కోసుకోండి. పొగ కనపడిందా, ముందు ఎక్కండి. నాకు ఫోను తర్వాత చేద్దురు."