ఎడారికి వెళ్లొచ్చిన గొలుసు

నా చిన్నప్పుడు మా బాబాయి కూతురంటే నాకు ఎంత అసూయో చెప్పలేను. నాకంటే కొన్ని నెలలు చిన్నది. మా బాబాయిది మిలటరీ ఉద్యోగం కావడంతో, ఆ పిల్ల తల్లిదండ్రుల వెంట కొన్నాళ్లు మంచు కొండల్లో, కొన్నాళ్లు ఇంకెక్కడో దేశమంతా తిరిగేది. మేము మాత్రం బందరు పక్కన చిలకలపూడిలో, సముద్రపు గాలికి గోడల సున్నం పెచ్చులూడే ఇంట్లో, మా నాయనమ్మ దగ్గర ఉండేవాళ్లం.

బళ్లో మాస్టారు గోడకు దేశపటం వేలాడదీసి, మన దేశంలో లేని వాతావరణం లేదని, ఒక మూల మంచు కురుస్తుంటే ఇంకో మూల ఇసుక కాలుతుంటుందని చెప్పేవారు. పిల్లలందరూ నోళ్లు తెరుచుకుని వినేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇన్ని రకాల వాతావరణాలు ఉంటే ఉన్నాయి, అవన్నీ దాని వాటాకే వెళ్లాలా? నా వాటాకు వచ్చింది ఉక్కపోత, దోమలు, వాన పడితే జాడీలో నీరుకారిపోయే ఉప్పు.

మా ఊళ్లో ఇంటింటా రోల్డుగోల్డు పనే. మా నాయనమ్మ కూడా అరుగు మీద కూర్చుని చిన్న పట్టకారుతో గొలుసులు అల్లేది. బాబాయికి రాజస్థాన్ ఎడారి వైపు బదిలీ అయినప్పుడు, వాళ్లు బయలుదేరే ముందు మా ఇద్దరికీ చెరో గొలుసు అల్లింది. ఒకే చుట్టలోని తీగ. పూత కూడా రెండింటికీ ఒకేసారి పెట్టించింది. పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో అల్లిన ఆవిడే చెప్పలేకపోయేది.

నా గొలుసు ఒక్క వానాకాలం గడిచేసరికి నల్లబడింది. ఇక అప్పట్నుంచి ప్రతి శుక్రవారం నాకు తలంటు పోసి, మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, గొలుసును మెడలోనే ఉంచి నానబెట్టిన చింతపండుతో తోమేది. పులుపు మెడ మీదికి కారి చిమచిమలాడేది. బయట పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుకుంటుంటే నేను తడి జుట్టుతో అక్కడ కట్టేసినట్టు కూర్చోవాలి. అంత తోమించుకున్నా మళ్లీ శుక్రవారానికి నలుపే. తోమగా తోమగా పూత పోయి అక్కడక్కడ రాగి బయటపడింది కూడా.

రెండో వేసవికి బాబాయి వాళ్లు సెలవు మీద వచ్చారు. బాబాయి అత్తవారిది గుడివాడ. ముందు అక్కడ దిగి, ఆ మర్యాదలన్నీ అయ్యాక మా ఇంటికి వచ్చారు. రిక్షా దిగుతున్న ఆ పిల్ల మెడలోని గొలుసే నా కంటికి ముందు కనిపించింది. నిన్నే పూత పెట్టించినట్టు ధగధగలాడుతోంది. నా చెయ్యి నాకు తెలియకుండానే నా మెడ మీదికి వెళ్లింది.

ఇక ఆ సెలవులంతా దాని కబుర్లే. ఆ ఊళ్లో దండెం మీద బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతాయట. వేయించిన అప్పడం పళ్లెంలో వదిలేసినా మర్నాటికి కూడా కరకరలాడుతుందట. ఎప్పుడైనా నాలుగు చినుకులు పడితే పిల్లలు తడవడానికి బడి వదిలేసి బయటికి పరిగెడతారట. అంతకుముందున్న కొండల్లోనైతే కొబ్బరినూనె సీసాలో రాయిలా గట్టిపడిపోయేదట. మా అమ్మ కూడా పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా వినేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. నేను చెప్పడానికి మా దగ్గర ఏముంది? సముద్రం గురించి చెబుదామంటే అది దానికీ తెలిసిందే.

ఆ రోజుల్లోనే నా బుర్రలో ఒక అనుమానం పుట్టి, పెరిగి, నిజమైపోయింది. నాయనమ్మ మంచి గొలుసు దానికిచ్చి, నాసిరకం నా మెడలో వేసింది. గొలుసు పోతే పోయింది. రోజూ ఆవిడ కొంగు పట్టుకుని తిరిగే నాకంటే, ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చే పిల్ల ఆవిడకు ఎక్కువైందా అన్నదే నన్ను తినేసింది. నాయనమ్మ పిలిస్తే పలికేదాన్ని కాదు.

ఒక శుక్రవారం ఆవిడ చింతపండు గిన్నె పట్టుకుని పిలిచినప్పుడు, అందరి ముందూ అనేశాను.

"నేను తోమించుకోను. మంచిది దానికిచ్చావు, పాడుది నాకిచ్చావు."

బాబాయి నవ్వి, అది కాదమ్మా, ఇక్కడి గాలి ఉంది చూశావూ, అంటూ ఏదో చెప్పబోయాడు. నాయనమ్మ కంటితోనే ఆయన్ని ఆపింది. తర్వాత మా ఇద్దరినీ చూసి, ఏమీ జరగనట్టు, "అయితే మార్చుకోండి," అంది.

చెల్లెలు ఏడుస్తుందని, చిన్నమ్మ దెబ్బలాటకు వస్తుందని అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. ఆ పిల్ల అప్పటికే గొలుసు తీసి నా చేతిలో పెట్టి, నా నల్ల గొలుసు కోసం చెయ్యి చాపింది. ఎంత వెర్రిబాగులదో అనుకున్నాను. అది గొలుసు మెడలో వేసుకుని నాయనమ్మ మోకాళ్ల మధ్య చతికిలబడితే, ఆవిడ ఆ చింతపండుతో దాని మెడలో గొలుసు తోమింది. రోజూ కంటే ఎక్కువసేపే తోమింది. నేను అద్దం ముందు నిలబడి ఉన్నాను, అటు సరిగా చూడనైనా చూడలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే వాళ్లు వెళ్లిపోయారు.

బడి తెరిచాక నా వైభవం చూడాలి. ఇది ఎడారి నుంచి వచ్చిన గొలుసని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. వానలు పట్టాయి. దసరా ఇంకా రానే లేదు, మెడ వెనక ఒక నల్లగీత కనిపించింది. కొన్నాళ్లు జడ ముడి కిందికి దించి దాచుకున్నాను. నలుపు ముందుకు పాకింది. ఇక దాచడానికి జడ చాలలేదు.

ఒక శుక్రవారం నాయనమ్మ నన్ను చెయ్యి పట్టి లాగి మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంది. చింతపండు పులుపు మెడ మీద కారింది.

"రెండూ ఒక్క తీగేనే పిచ్చి మొహమా. అక్కడిది పొడిగాలి, ఇక్కడిది ఉప్పుగాలి. మధ్యలో గొలుసేం చేసింది, నేనేం చేశాను?"

"మరి బాబాయి చెప్పబోతే ఎందుకు ఆపావు?"

"చెబితే నమ్మేదానివా? ఇప్పుడు నీ మెడే చెప్పింది."

నాకు సిగ్గేసింది, అంతకంటే ఎక్కువగా ప్రాణం లేచొచ్చింది. అయినా ఒక సంగతి అంతుపట్టలేదు. తనది మెరుస్తోందని, నాది నల్లగా ఉందని ఆ పిల్లకు కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా, అడగ్గానే ఎందుకిచ్చేసింది అన్నాను. నాయనమ్మ చెయ్యి ఆగింది.

"నీకన్నా ముందే అది నన్నడిగింది. అక్క గొలుసు నాకిప్పించు నాయనమ్మా, దానికి నీ చేతి వాసనొస్తోంది, అని. దాని గొలుసు నల్లబడదు. నల్లబడని గొలుసు ఎవరు తోముతారే?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సెలవుల్లో ప్రతి శుక్రవారం నాకు తలంటు జరుగుతున్నంతసేపూ ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని మమ్మల్నే చూసేది. ఆటకు పిలిచినా వెళ్లేది కాదు. తన మెరుపు నాకు చూపించడానికే అక్కడ కూర్చుందని నేను పళ్లు నూరుకున్నాను. మంచు కొండలు, ఎడారి అన్నీ దాని వాటాకే వెళ్లాయనుకున్నాను గానీ, ఆ మోకాళ్లు నా వాటాకు వచ్చాయని నాకు తట్టలేదు. అది కూడా అసూయతో మాడిపోతూనే ఉందన్నమాట, నా మీద.

నాయనమ్మ పోయి చాలా కాలమైంది. చెల్లెలు పెళ్లయి ఆ ఎడారి వైపే ఉండిపోయింది. నేను బందరు దాటలేదు. ఇప్పుడు నా ఫోన్లో మా ఊరి వాతావరణం కింద దాని ఊరిది కూడా కనిపిస్తుంది. పొద్దున్నే రెండూ చూసుకోవడం అలవాటైంది. ఎవరిదైనా సంపదో, సుఖమో చూసి నాకు కడుపు మండినప్పుడల్లా గుమ్మంలో కూర్చున్న ఆ పిల్ల కళ్లముందుకు వస్తుంది. మంట పూర్తిగా ఆరదు గానీ, తగ్గుతుంది.

మొన్న వీడియో కాల్‌లో చెల్లెలు నా దగ్గర మార్చుకున్న ఆ గొలుసు చూపించింది. రాగి బయటపడిన చోట్లు అలాగే ఉన్నాయి, మిగతాదంతా ఆ శుక్రవారం నాయనమ్మ తోమి పంపినట్టే ఉంది. తను మళ్లీ తోమలేదట, అవసరం రాలేదట. వాసన ఇంకా ఉందక్కా అంది. ఇన్నేళ్లకు చింతపండు వాసన ఎక్కడుంటుంది, ఉండదు. ఉందనే అన్నాను.

నా గొలుసు మీద నాయనమ్మ తెచ్చిన మెరుపును మా ఉప్పుగాలి ఏనాడో తినేసింది. శుక్రవారం శుక్రవారం చింతపండు నానబెట్టి నేనే తోముకుంటాను. అక్కడి పొడిగాలిలో మా నాయనమ్మ చేతి పని ఇంకా చెక్కుచెదరకుండా ఉందంటే, ఈ వయసులో కూడా నాకు దాని మీద అసూయే.