శౌరమ్మ టీచర్ తీయించిన పేజీలు

మొన్న నరసరావుపేటలో మాచర్ల బస్సెక్కాను. పక్క సీట్లో ఒక పెద్దాయన కాళ్ల దగ్గర ప్లాస్టిక్ సంచి పెట్టుకుని కూర్చున్నాడు. బస్సు ఊరు దాటగానే సంచిలోంచి పురుగుమందు వాసన మొదలైంది. సీసా మూత సరిగా బిగించలేదేమో. పల్నాడులో పుట్టినవాళ్లకు ఆ వాసన కొత్తేమీ కాదు. మిరప కాలంలో బస్సుల్లో, వసారాల్లో, ఆరేసిన చొక్కాల్లో కూడా అదే. అయినా నేను కిటికీ అద్దం జరిపాను. ఆయన నొచ్చుకుని, "పడట్లేదా అమ్మా?" అన్నాడు. "పర్లేదులే పెదనాన్నా" అన్నాను. పర్లేకపోవడమేమిటి, నా మొహం! ఆ వాసన తగిలిందంటే నాకు మాచర్లలో ఒక ఆసుపత్రి వరండా, అక్కడ చెక్కబల్ల మీద నిటారుగా కూర్చున్న శౌరమ్మ టీచర్ కళ్ల ముందుకొస్తారు.

శౌరమ్మ టీచర్ రెంటచింతలలో లెక్కలు చెప్పేవారు. మా ఊరి నుంచి బస్సులో వెళ్లి ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లల్లో నేనొకదాన్ని. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఆదివారం గుడిలో బైబిలు వాక్యం చదివినా, సోమవారం బోర్డు మీద లెక్క చెప్పినా ఒకటే గొంతు. లెక్క పూర్తయ్యాక సుద్దముక్క బల్ల మీద పెట్టి, మా వైపు తిరిగి "అర్థమైందా?" అనేవారు. క్లాసంతా ఒక్క గొంతుతో "అయిందండీ" అనేది. కాలేదని అనే మొనగాడు మా బడిలో పుట్టలేదు. అంటే కొడతారని కాదు, ఆవిడ ఎవరినీ కొట్టగా నేను చూడలేదు. ఆ చూపు చాలు, భూమిలోకి దిగిపోవాలనిపించేది. అయినా ఆవిడంటే మాకు ప్రాణం.

చదువు పూర్తయి ఇంటి దగ్గర కూర్చుని ఒక కంపెనీకి పనిచేస్తున్న రోజుల్లో, నేను ఒక ఓపెన్ సోర్స్ బృందంలో చేరాను. ఓపెన్ సోర్స్ అంటే, చేసిన సాఫ్ట్‌వేర్‌ను తాళం వేసి దాచుకోకుండా నలుగురి ముందూ పెట్టడం. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. జీతాలుండవు, ఇష్టమే జీతం. ఈ బృందం రైతుల కోసం ఫోన్లో పనిచేసే ఒక సాధనం తయారు చేసింది. పొలం ఎంత, పంట ఏది, తెచ్చిన మందు ఏది అని చెబితే ఎంత మందు వాడాలో అది లెక్కగట్టి చూపిస్తుంది. ఎలా వాడాలో చెప్పే వెబ్‌సైటు చాలా భాషల్లో ఉంది, తెలుగులో లేదు. మా నాన్న, పురుగుమందుల కొట్టువాడు చెప్పిందే వేదమని ఏళ్ల తరబడి చేలో మందు కొడుతూ వచ్చిన మనిషి. సైటు తెలుగులో లేదని తెలియగానే నాకు ఒళ్లు మండింది. నేనే చేస్తానని ముందుకొచ్చాను, తెలుగు బాధ్యత నా పేరు మీద పెట్టారు. వాళ్ల నియమం ఒకటుంది. కొత్త విడుదల నాటికి పేజీలన్నీ సిద్ధమైన భాషే జాబితాలో చేరుతుంది, లేదంటే మళ్లీ విడుదల దాకా ఆగాలి. ఆ విడుదల పంట కాలానికి ఒకసారి వచ్చేది.

ఒక్కదాన్నే దిద్దుకుంటూ రాస్తుంటే ఆ తెలుగు నాకే నచ్చక, ఆ కాగితాలు పట్టుకుని శౌరమ్మ టీచర్ ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆవిడ రిటైరయ్యారు. మొదటి వాక్యం బయటికి చదివి, కళ్లజోడు తీసి నా వైపు చూశారు.

"పరికరమును ఆకృతీకరించుము. ఇదెవరి తెలుగే? మీ ఇంట్లో ఇట్టనే మాట్లాడతారా?"

"మెషీను చేసిన అనువాదం టీచర్, నేను దిద్దుదామనీ..."

"దిద్దేదేం లేదు. మళ్లీ రాద్దాం పట్టు."

ఆ రోజు నుంచి సెలవు దొరికినప్పుడల్లా రెంటచింతలే. ఆ ఊరి ఎండలో ఫ్యాను వేడిగాలి కొడుతుంటే, ఆవిడ ఒక్కో వాక్యం పైకి చదివేవారు, నేను టైపు చేసేదాన్ని. నోరు తిరగని మాట వస్తే కొట్టేయించేవారు. భోజనాల వేళకు ఆవిడ తమ్ముడు చిన్నప్ప బాబాయి వచ్చేవాడు. ఇంటి వెనకే ఆయన ఇల్లు, ఊరి బయట అరెకరం మిరపచేను. పూర్తయిన పేజీ ఆయనకు చదివి వినిపించి టీచర్ అడిగేవారు. "అర్థమైందారా?"

"అయిందక్కా. చానా బాగుంది."

పాత శిష్యులు, గుడికొచ్చే రైతులు, ఎవరికి చదివి వినిపించినా అదే మాట. అందరూ బాగుందన్నారు. మేమిద్దరం పొంగిపోయాం. విడుదలకు ముందు చూసుకోవడానికని తెలుగు పేజీలు పెట్టిన పరీక్ష సైటును చిన్నప్ప బాబాయి ఫోన్లో ఆ సాధనంతో పాటు తెరిచిపెట్టాను. ఇక మిగిలింది విడుదల ఒక్కటే.

విడుదల సాయంత్రమనగా ఆ మధ్యాహ్నం చివరి పేజీ సరిచూస్తున్నాం. టీచర్ ఫోను మోగింది. అవతల చిన్నప్ప బాబాయి భార్య. ఏడుపులో మాట సరిగా వినపడలేదు. చేలో మందు కొడుతూ పడిపోయాడని మాత్రం తెలిసింది. మేం వెళ్లేసరికి పక్క చేలవాళ్లు ఆయన్ని గట్టుమీద పడుకోబెట్టి నీళ్లు పోస్తున్నారు. ఒకటే వాంతులు. నోటి వెంట నురగ. ఆటోలో మాచర్ల తీసుకెళ్తుంటే టీచర్ తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా "శౌరీ, కళ్లు మూసుకోనీయమాకు తండ్రీ" అని, తనకు పేరిచ్చిన క్రైస్తవ పునీతుణ్ణి వేడుకుంటూనే ఉన్నారు.

ఆసుపత్రిలో డాక్టరు ఏం మందు, ఎంత కలిపాడు అని అడిగాడు. బాబాయి భార్య కొంగులోంచి సీసా తీసి చూపించింది. ఖాళీ సీసా, మొదటి ట్యాంకుకే అయిపోయిందంది.

"ఇదంతా ఒక్క ట్యాంకులోనే పోశాడా? ఎవరు చెప్పారమ్మా?"

ఆమె టీచర్ వైపు చూసి తల దించుకుంది.

ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పేదాకా మేం వరండాలో నిలబడే ఉన్నాం. తర్వాత లోపలికి వెళ్తే బాబాయి నీరసంగా కళ్లు తెరిచాడు. టీచర్ మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగారు. జరిగింది ఇదీ. మా సాధనం చూపించే లెక్క పొలం మొత్తానికి. దాన్ని తయారుచేసినవాళ్ల ప్రాంతాల్లో మందంతా పెద్ద డ్రమ్ములో ఒకేసారి కలిపి మిషన్‌తో కొడతారు, కాబట్టి 'చూపించిన మందు నీళ్లలో కలపండి' అంటే వాళ్లకు సరిపోయింది. మా వైపు లెక్క వేరు. వీపుకు తగిలించుకునే ట్యాంకే మాకు కొలత. కొట్టువాడూ 'ట్యాంకుకి ఇంత' అనే చెబుతాడు, రైతూ అలాగే అడుగుతాడు. అరెకరానికి ఎన్ని ట్యాంకులు పడతాయో అన్నిటికీ సరిపడే మందును బాబాయి మొదటి ట్యాంకులోనే వంచేశాడు.

"ఎక్కువైద్దేమో అనిపించిందక్కా. నువ్వు రాసింది గదా అని పోశా."

"మరి ఆ రోజు అర్థమైందా అంటే అయిందన్నావేందిరా?"

"నువ్వు అడిగితే కాలేదని ఎట్టా అంటా? పేజీ మంచిగనే ఉందిలే అక్కా. నాకే తెలివి లేదు."

టీచర్ లేచి వరండాలోకి వచ్చి చెక్కబల్ల మీద కూర్చున్నారు. నేను పక్కనే నిలబడ్డాను. నా ఫోన్లో బెంగుళూరు నుంచి మా బృందం పెద్ద పంపిన సందేశం మెరుస్తోంది, అన్ని భాషలూ సిద్ధం, ఇంకాసేపట్లో విడుదల అని.

"ఆ పేజీలు తీసెయ్యవే" అన్నారు టీచర్.

"ఒక్క మాట చేరిస్తే సరిపోద్ది టీచర్. ట్యాంకుల సంగతి ఇప్పుడే ఫోన్లోనే రాసేస్తా."

"ట్యాంకు సంగతి వీడు పడిపోబట్టి తెలిసింది. ఇంకా తెలియనివి ఎన్ని ఉన్నయ్యో నీకు తెలుసా? అందరూ బాగుందనే గదా చెప్పారు."

నాకు కోపం తన్నుకొచ్చింది. ఇన్నాళ్ల కష్టం, ఇంకో గంట ఆగితే తెలుగు అన్న మాట ఆ జాబితాలో కనిపించేది. "ఇప్పుడు పోతే మళ్లీ పంట దాకా ఆగాలి టీచర్. అప్పటిదాకా మనవాళ్లకు కొట్టువాడి నోటిమాటే దిక్కు. ఆ మాట మీద పడిపోయేవాళ్లు లేరా? వాళ్లనెవరు చూస్తారు?"

"కొట్టువాడి మాట తప్పితే పోయి వాడి కాలరు పట్టుకుంటారు. నన్నెవరు పట్టుకుంటారే? చావబోయి కూడా నా తమ్ముడు తప్పు తనదే అంటన్నాడు. ఇన్నేళ్లు అర్థమైందా, అర్థమైందా అని అందరి నోళ్లూ మూయించా. వాళ్లు అయిందంటుంటే మురిసిపోయా."

వరండాలో వచ్చేపోయేవాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. ఆవిడకు పాస్‌వర్డ్ తెలియదు. తీయాలంటే నేనే తీయాలి. ఆవిడ నా చేతిలోని ఫోను వైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు.

"నా స్టూడెంటువని తియ్యమాకు కోటేశ్వరీ. నేను చెప్పింది నీకు అర్థం కాకపోతే కాలేదని చెప్పు. ఏమీ అనను."

బడిలో ఉన్నన్నాళ్లూ అనలేని మాట అది. చివరికి ఏడుపు ఆపుకుంటూ అనేశాను. "నాకు అర్థం కాలేదు టీచర్. ఒక్క తప్పుకి అంతా ఎందుకు తీసెయ్యాలో నాకు అర్థం కావట్లేదు."

ఆవిడ చూపు మారుతుందని బిగుసుకుపోయాను. మారలేదు. జరిగి బల్ల మీద నాకు చోటిచ్చారు. "కూర్చో. చేలో ఉన్నది మీ నాన్న అనుకో. నువ్వు రాశావని ఏది రాసినా చేస్తాడు. ఎక్కువైద్దేమో అనిపించినా నోరెత్తి అడగడు, కూతురు చదువుకుంది గదా అనుకుంటాడు. ఇప్పుడు చెప్పు, ఆ మిగతా పేజీల్లో ఏముందో నీకు తెలుసా?"

తెలియదు. మా నాన్న అచ్చం అలాంటి మనిషే. నేను ఫోను తెరిచి, తెలుగును విడుదల నుంచి వెనక్కి తీసుకున్నాను. వేలు కదలడానికి చాలాసేపు పట్టింది. బృందం పెద్దకు కారణం రాసి పంపాను. ఆయన బాధపడ్డాడు గానీ కాదనలేదు. ఆ సాయంత్రం జాబితాలో మిగతా కొత్త భాషలన్నీ వచ్చాయి. బస్సులో ఇంటికి వెళ్తూ ఆ జాబితా చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నిజం చెప్పాలంటే ఆ రోజు శౌరమ్మ టీచర్ మీద నాకు పట్టలేని కోపం. కొన్ని వారాలు ఫోను కూడా చేయలేదు.

ఆవిడే కబురు పెట్టారు. వెళ్లేసరికి వసారాలో ఒక ట్యాంకు, బకెట్టుతో నీళ్లు, రంగునీళ్లు పోసిన ఖాళీ మందు సీసా పెట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా చిన్నప్ప బాబాయి, చిక్కి సగమై. ఈసారి ఆవిడ చదివి వినిపించలేదు. ఫోను ఆయన చేతికే ఇచ్చి, అందులో చెప్పినట్టు కలిపి చూపించమన్నారు. ఆయన ఫోను చూశాడు, సీసా చూశాడు, అక్క మొహం చూశాడు. ఆవిడ నోరు తెరవకుండా కూర్చున్నారు. అలా కూర్చోవడం ఆవిడకు ఎంత కష్టమో నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి ఆయన సీసా కిందపెట్టి, దణ్ణం పెడుతున్నట్టు చేతులు జోడించాడు.

"ఇది నాకు అర్థం కాలా అక్కా."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "హమ్మయ్య" అన్నారు, అని నా వైపు తిరిగి, "రాసుకోవే, ఏది తెలియట్లేదో వాణ్ణే చెప్పనీ" అన్నారు. ఆ తర్వాత రెంటచింతలలో, చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని వసారాల్లో కూర్చున్నామో. ట్యాంకు ఒక్కటే కాదు, ఎవరికీ అంతుపట్టని చోట్లు ఇంకా చాలా బయటపడ్డాయి, అందులో రెండు ప్రాణాల మీదికి తెచ్చేవే. తర్వాతి విడుదలలో తెలుగు వచ్చింది. ఆ జాబితా టీచర్‌కు చూపిస్తే, "సరే, ఇంకా ఎవరికి అర్థం కాలేదో కనుక్కో" అన్నారు, అంతే. పోయినేడు వేసవిలో ఆవిడ వెళ్లిపోయారు. సమాధుల దోవలో చిన్నప్ప బాబాయి నా పక్కనే నడిచాడు.

ఇప్పుడు తెలుగుతో పాటు ఇంకొన్ని భాషలవాళ్లూ పని నేర్చుకోవడానికి నా దగ్గరికి వస్తారు. కొత్త పేజీ పట్టుకుని ఊళ్లకు వెళ్తే జనం మర్యాదగా బాగుందమ్మా అంటారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ భయమేస్తుంది, ఆ పేజీ పక్కన పెట్టేస్తాను. ఎవరైనా విసుక్కుని "ఇదేందమ్మా, ముక్క అర్థం కాలా" అన్నారా, ఆ పూట కడుపునిండా అన్నం తింటాను.