పిల్లలు బీరు కాయొచ్చా అని అడిగిన పాపానికి

పన్నెండేళ్లుగా ఒక ఫోన్ కాల్ నా గొంతుకు అడ్డం పడి ఉంది. నిమిషం కూడా మాట్లాడి ఉండను. మా అమ్మకు చెప్పలేదు. కట్టుకున్నవాడికీ చెప్పలేదు. మీకు చెప్తాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, బహుశా అందుకే నోరు పెగులుతోంది.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. చాంద్రాయణగుట్టలో మా ఇల్లు. కింద మేము, మేడ మీది గదిలో మా బాబాయ్. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంకా పెళ్లి కాలేదు. ఫోన్‌లో వీడియోలు చూసి బీరు చేయడం నేర్చుకున్నాడు. అమ్మడానికి కాదు. నెలకు రెండు ఆదివారాలు చేసేవాడు. తనూ, పక్కింటి యాదగిరి మామా తాగేవాళ్లు, అంతే. యాదగిరి మామది పాల వ్యాపారం, మా గోడకు ఆనుకునే ఆయన బర్రెల కొట్టం. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే కంచంలో తిన్న స్నేహితులు.

నాకు తాగడం మీద ధ్యాస లేదు. ఒకసారి వేలు ముంచి నాకితే కాకరకాయ గుర్తొచ్చింది. నాకు కావలసింది ఆ పని. నానబెట్టిన బార్లీ గోనెసంచి మీద మొలకలెత్తుతుందే, ఆ మొలకకు తీపి ఎక్కణ్ణుంచి వస్తుంది? పెద్ద గంజులో ఆ బార్లీ ఉడికిన నీళ్లు చల్లారాక చిటికెడు ఈస్టు వేస్తే, మర్నాటికి ఇరవై లీటర్ల క్యాన్ ఎందుకు గుడగుడలాడుతుంది? క్యాన్ మూతలోంచి సన్నటి పైపు వచ్చి నీళ్ల గ్లాసులో మునిగి ఉండేది. నిమిషానికి ఎన్ని బుడగలు వస్తున్నాయో లెక్కపెట్టి లెక్కల నోటుబుక్కు చివరి పేజీల్లో రాసుకునేదాన్ని. వడగట్టాక మిగిలిన బార్లీ పిప్పిని బకెట్లో వేసుకుని కొట్టానికి మోసేది కూడా నేనే. బర్రెలు నా అడుగుల చప్పుడు వింటేనే తలలు ఎత్తేవి.

ఒకరోజు బాబాయ్‌ని అడిగాను, చట్టం ప్రకారం నాలాంటి వాళ్లు ఈ పని చేయొచ్చా అని. ఆయన నవ్వి, "ఎవర్నన్న అడుగు పో, తల్లీ" అన్నాడు. వదిలించుకోవడానికి అన్నమాట అది. నాకు అర్థం కాలేదా? అర్థమయ్యే ఉంటుంది. కానీ నాకు ఒక ప్రశ్న పట్టుకుంటే అన్నం సయించేది కాదు, ఇప్పటికీ అంతే.

బస్టాపు గోడ మీద దొంగసారా గురించి తెలిస్తే చెప్పమని ఒక నంబరు రాసి ఉండేది. రోజూ బడికి వెళ్తూ చూసేదాన్ని. అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోన్‌లోంచి చేశాను.

"సార్, పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలు ఇంట్ల బీరు తయారు చేసేటప్పుడు సాయం చేయొచ్చా? తాగరు సార్. కలుపుడు, బుడగలు లెక్కపెట్టుడు, గంతే."

అవతల కాగితం తిప్పిన చప్పుడు.

"ఎవరింట్ల బిడ్డా?"

"మా ఇంట్లనే సార్."

"మీ ఇల్లు ఏడ?"

చెప్పాను. చౌరస్తా నుంచి ఏ గల్లీలోకి తిరగాలో, బర్రెల కొట్టం దగ్గర అడిగితే ఎవరైనా చూపిస్తారనీ కూడా చెప్పాను. క్లాసులో లేచి నిలబడి జవాబు పూర్తిగా అప్పజెప్పే పిల్లని కదా.

"మంచిది బిడ్డా" అని పెట్టేశాడు. నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

నేను వెంటనే చేసిన పని ఏమిటో తెలుసా? అమ్మ ఫోన్‌లోంచి ఆ నంబరు తుడిచేశాను. ఇన్నేళ్లుగా నేను తిరిగి తిరిగి వచ్చి ఆగేది ఇక్కడే. అడిగింది ఉత్త ప్రశ్నే అయితే, కుతూహలమే అయితే, ఎందుకు తుడిచాను? ఆ క్షణానికే నాకు ఏదో తెలిసిందనే కదా? తెలిసినదాన్ని పరుగెత్తుకెళ్లి బాబాయ్‌కి చెప్పొచ్చు కదా? నాలుగు రోజులు టైముంది. నాలుగు రోజులూ బుడగలు లెక్కపెట్టాను.

ఈ లోపల ఇంకోటి జరిగింది. అదీ నా నిర్వాకమే. బర్రె ఎంత పిప్పి తింటే చాలంటుందో చూద్దామని, రెండు బకెట్లు ఒకే బర్రె ముందు పెట్టి వచ్చాను. దాని కడుపు ఉబ్బింది, ఒక పూట పాలివ్వలేదు. యాదగిరి మామ గల్లీలో నిలబడి బాబాయ్‌తో పెద్ద లొల్లి పెట్టుకున్నాడు. "నీ కత జెప్త ఆగు" అని అరిచాడు. కోపంలో అన్నమాట. మర్నాడే ఇద్దరూ కలిసి చాయ్ తాగారు. అయినా ఆ అరుపు గల్లీ అంతా వింది.

ఆదివారం పొద్దున ఎక్సైజ్ వాళ్లు ఇద్దరు వచ్చారు. నేను చెప్పిన గుర్తు ప్రకారమే కొట్టం దగ్గర ఆగి అడిగారు. యాదగిరి మామ పాలు పితుకుతున్నవాడు లేచి, చెయ్యెత్తి మా ఇల్లు చూపించాడు. ఆ చెయ్యి గల్లీలో నలుగురి కంటా పడింది.

మేడ మీద నేను గంజులో గరిటె తిప్పుతున్నాను. వచ్చినాయన నన్ను చూసి, "పిల్లతోని గిట్ల పని చేపిస్తున్నవా?" అన్నాడు. బాబాయ్ నా చేతిలోంచి గరిటె లాక్కుని, "పిల్లకేం ఎర్క లేదు సార్, నాష్టాకు పిల్వనీకె వచ్చింది" అన్నాడు. నేను నెలల తరబడి నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెరిపేశాడు, నన్ను కాపాడటానికి. నేను తల దించుకుని కిందికి దిగాను.

కేసు అయింది. కోర్టు వాయిదాలు, ఫ్యాక్టరీలో సంజాయిషీలు, రావలసిన ప్రమోషన్ ఆగిపోవడం. అదంతా బాబాయ్ ఎలాగో ఈదాడు. ఈదలేనిది ఇంకోటి. ఆ సాయంత్రమే కొట్టం ముందుకు వెళ్లి, "నువ్వే పట్టిచ్చినవ్" అన్నాడు. యాదగిరి మామ తన కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. బాబాయ్ ఆ ఒట్టు మీద ఉమ్మేసి వచ్చాడు. నేను మా గుమ్మంలోనే ఉన్నాను. పది అడుగుల దూరం. ఒక్క వాక్యం చాలు. నోరు తెరిచాను కూడా. భయమేసింది. మేడ ఎక్కనివ్వరేమో, పుస్తకాలు మూయిస్తారేమో అని. మరీ నిజం చెప్పాలంటే, బాబాయ్ నన్ను తల్లీ అని పిలవడం మానేస్తాడేమో అని.

మర్నాటి నుంచి మా ఇంటికి ప్యాకెట్ పాలు.

ఇప్పుడు నేను బడిలో సైన్సు చెప్తాను. అడగడంలో తప్పు లేదర్రా, ఏదైనా అడగండి అంటాను పిల్లలతో. అన్న ప్రతిసారీ నాలుక చురుక్కుమంటుంది. ఆ మధ్య కూర్చుని చట్టం చదివాను. నాకు అర్థమైనంతలో, లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడమే నేరం, పెద్దవాళ్లకైనా సరే. పిల్లలు చేయొచ్చా అన్న నా ప్రశ్నకు అక్కడ చోటే లేదు. లేని ప్రశ్న కోసం ఇద్దరు మనుషుల్ని విడగొట్టాను.

మొన్న ఆదివారం పుట్టింటికి వెళ్లాను. యాదగిరి మామ బర్రెల్ని అమ్మేస్తున్నాడని, కొడుకుతో పాటు వేరే చోటికి వెళ్లిపోతున్నాడని అమ్మ చెప్పింది. కాళ్లు వాటంతటవే కొట్టానికి నడిచాయి. ఆయన కుడితి కలుపుతున్నాడు. నిలబడి మొత్తం చెప్పాను. ఫోను, కొట్టం గుర్తు, నంబరు తుడిచెయ్యడం. ఆయన చెయ్యి ఆపలేదు. అంతా విన్నాక అడిగాడు:

"మరి వాళ్లేమన్నరు? పిల్లలు చేయొచ్చంటనా?"

"చెప్పలే మామా. ఫోన్ పెట్టేసిండ్రు."

ఆయన బకెట్ బర్రె ముందు పెట్టి, చేతులు కడుక్కుని, కండువాతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? నేను పట్టియ్యలేదని నాకు ఎర్కనే గద."

అంతే అన్నాడు. తిట్టలేదు. పోనీలే అని కూడా అనలేదు. నేను ఎవరికి చెప్పాలో ఆయన చెప్పనక్కర్లేకపోయింది.

బాబాయ్ ఇంకా ఆ మేడ గదిలోనే ఉంటాడు. ఆయనకు ముఖం చూసి చెప్పలేనని తెలిసే ఇది రాశాను. మీకు చెప్పడం వల్ల ఊపిరి కొంచెం ఆడుతోంది, నిజమే. కానీ ఇప్పుడు ఈ కాగితాలు పట్టుకుని మళ్లీ వచ్చి మేడ మెట్ల కింద నిలబడ్డాను. పైనుంచి బాబాయ్ గొంతు వినిపిస్తోంది.

"ఎవరు? తల్లీ, నువ్వేనా?"