కొసరు పడని ల్యాప్‌టాప్

మైసూరు సరస్వతీపురంలో గురుమల్లప్ప ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. కాటా సారు ఇల్లని అడగండి, పాలవాడు కూడా సైకిలు దిగి దారి చూపిస్తాడు. చూపించి, ఆయన బయటికి రాకముందే జారుకుంటాడు. తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి మరి! ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. వంటగది గుమ్మానికి ఒక స్ప్రింగు కాటా వేలాడదీశాడు. బీరకాయలైనా, బెల్లమైనా, పెళ్ళివారు పంపిన లడ్డూలైనా దాని కొక్కేనికి తగిలి, ముల్లు నిలిచాకే లోపలికి పోవాలి.

"ఈ ఇంటికి తూకం తగ్గించి ఇచ్చే మొనగాడు మైసూరులో ఇంకా పుట్టలేదు" అని మీసం దువ్వుకునేవాడు.

ఆ మాట అబద్ధమూ కాదు. భార్య నీలాంబిక మార్కెట్టు నుంచి తెచ్చిన ప్రతిదీ సరిగ్గా తూగేది. ముల్లు ఊగినంతసేపూ ఆమె కొంగు పిడికిట్లో పట్టుకుని పక్కనే నిలబడేది. ముల్లు నిలిచాక ఊపిరి వదిలి లోపలికి పోయేది. ఎందుకలా నిలబడుతుందో ఆయన ఏనాడూ అడగలేదు. లోకాన్నంతా అనుమానించిన మహానుభావుడికి ఆ ఒక్క అనుమానం మాత్రం రాలేదు.

ప్యాకెట్టు సరుకుతోనే ఆయనకు పేచీ. ఉప్పు, పంచదార, బిస్కెట్లు, ఏ కంపెనీవైనా సరే, ఆయన కాటా మీద తక్కువే తూగాయి. "చూశావా! సీలు వేసి మరీ దోచుకుంటున్నారు" అని ప్యాకెట్లను గడప తొక్కనివ్వడం మానేశాడు. ఆ కంపెనీలకు ఫిర్యాదులు రాయడానికే ఇంట్లోకి ల్యాప్‌టాప్ తెచ్చాడు. పొద్దున ఆయన ఫిర్యాదులు, సాయంత్రం నీలాంబిక కబుర్లు.

ఆ కబుర్లు ఎవరితోనంటే, శివమొగ్గలో ఉన్న గిరిజక్కతో. ఆవిడ తుంటి విరిగి మంచం దిగలేకపోతోంది. పైగా చెవుడు. ఫోనులో ఎంత అరిచినా వినపడదు. తెర మీద చెల్లెలి పెదాలు చూసి మాటలు పోల్చుకుంటుంది. దీపం పెట్టే వేళకు ఇద్దరూ తెర ముందు కూర్చుని, ఇక్కడ ఈమె కూర తరుగుతుంటే అక్కడ ఆవిడ చూస్తూ "సన్నగా తరుగే, నీ కూరెప్పుడూ గుగ్గిళ్ళే" అని వెక్కిరించేది. గురుమల్లప్ప ఇంట్లో పెద్ద తెర ఫోన్లు లేవు. అవి మనం మాట్లాడేవన్నీ విని ఎవరికో చేరవేస్తాయని ఆయన నమ్మకం. కాబట్టి అక్కా చెల్లెళ్ళకు ఆ ల్యాప్‌టాపే దిక్కు.

ఒకరోజు అది కాస్తా గుటుక్కుమంది. తెర నల్లబడింది, మళ్ళీ వెలగలేదు. రిపేరుకు ఇచ్చే ముందు గురుమల్లప్ప అడుగున ఉన్న ప్రతి మరమేకు మీదా గోళ్ళరంగు చుక్క పెట్టాడు. రిపేరువాడు దాన్ని విప్పి చూసి, లోపల బోర్డు కాలిపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. విప్పితే రంగు పగలక ఏమవుతుంది? "మంచి సామాను లాగేసుకున్నాడు! చుక్కలే సాక్ష్యం" అని ఆయన వీధంతా వినపడేలా అరిచి వచ్చాడు.

అప్పటినుంచీ కొత్త దాని వేట. మొదటి దుకాణంలో ధర ఎక్కువ, కాబట్టి దోపిడీ. రెండోదాంట్లో ధర తక్కువ, కాబట్టి నకిలీ. మూడోవాడు కాఫీ తెప్పించాడు, కాబట్టి తడిగుడ్డతో గొంతు కోసే రకం. నాలుగోవాడు కాఫీ తెప్పించలేదు, అంటే పొగరు. నెల తిరిగిపోయింది. శివమొగ్గ నుంచి గిరిజక్క కోడలు ఫోను చేసి, "పిన్నీ, అత్తయ్య రోజూ దీపాల వేళకి తలగడ ఎత్తు చేయించుకుని కూర్చుంటోంది. నీలకి నా మీద కోపమొచ్చిందా అని ఏడుస్తోంది" అని చెప్పింది.

నీలాంబిక ఫోను పెట్టేసి తిన్నగా మొగుడి ముందుకొచ్చి నిలబడింది. "ఏమండీ, ఇవాళ ఇంకొక్క దుకాణం. అక్కడా మీకు నచ్చకపోతే నేను రాత్రి బస్సుకి శివమొగ్గ పోతా. అక్క దగ్గరే ఉండిపోతా. మీకు తోడు మీ కాటా ఉంటుంది కదా!"

ఆమె గొంతు అలా మోగడం గురుమల్లప్ప ఎన్నడూ వినలేదు. అయినా బయల్దేరేటప్పుడు గుమ్మానికున్న కాటా తీసి సంచిలో వేసుకున్నాడు.

"అదెందుకండీ?" నీలాంబిక ముఖం పాలిపోయింది.

"లోపల ఏముందో నాకు తెలీదు. ప్రాసెసరంటాడు, ర్యామంటాడు, వాడేది చెబితే అది వినాలి. తూకం మాత్రం నాకు తెలుసు. డబ్బా మీద బరువు అచ్చేసి ఉంటుంది. ఒక్క ముక్క లాగేసినా ముల్లు చెప్పేస్తుంది."

"వద్దండీ, నామాట వినండి. ఇవాళొక్కరోజు దాన్ని వదిలెయ్యండి."

ఆమె అంతగా వద్దనేసరికి ఆయనలో పురుగు తొలవడం మొదలైంది. ఎందుకు వద్దంటోంది? దుకాణం పేరు చెప్పింది కూడా తనే. ఆ దుకాణదారుడు ఈమెకి తెలిసినవాడా ఏమిటి? బస్సులో ఆమెను ఓరకంట చూస్తూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

దుకాణదారు పేరు పూణచ్చ. కొడగువాడు, బుర్రమీసాలు, ఓపిక ఎక్కువ. ఏం పనికి కావాలమ్మా అని నీలాంబికను అడిగాడు.

"మా అక్కకి నా పెదాలు స్పష్టంగా కనపడాలి బాబూ. మాకు అక్షరాలు పెద్దగా ఉండాలి. అంతే."

"అంతేనా? అయితే ఖరీదైనవి మీకు దండగమ్మా" అంటూ మధ్యరకంది ఒకటి తెచ్చి తెరిచాడు. నీలాంబిక కెమెరాలో తన ముఖం చూసుకుంది. పెదాలు కదిపింది. మీటలు నొక్కి చూసింది. ఆమె ముఖంలో నెల తర్వాత నవ్వు కనిపించింది.

గురుమల్లప్ప గొంతు సవరించుకున్నాడు. "ఖరీదైంది చూపించకుండా ఇదే ఎందుకు అంటగడుతున్నావ్? అమ్ముడుపోక మూలుగుతోందా?"

"ఖరీదైంది చూపిస్తే ముసలాణ్ణి దోచుకుంటున్నావ్ అంటారు కదా సార్!"

"సంచి ఊరికే ఇస్తామని బోర్డు పెట్టావే? ఊరికే ఇచ్చేవాడు ఎక్కడో లాగుతాడు."

"వద్దంటే మానెయ్యండి సార్. నాకో సంచి మిగుల్తుంది."

పూణచ్చ నవ్వుతూ సీలు విప్పని డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. గురుమల్లప్ప సీలును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు, గోటితో గీకాడు, తనే కోశాడు. ల్యాప్‌టాప్‌ను బయటికి తీసి గుడ్డసంచిలో పెట్టి, సంచిలోంచి కాటా తీశాడు. దుకాణంలో ఉన్నవాళ్ళంతా కొనడం మానేసి ఇటు తిరిగారు.

"సార్, ల్యాప్‌టాప్‌ని ఉల్లిపాయల్లా తూచి కొనే మనిషిని నేనింతవరకూ చూళ్ళేదు" అన్నాడు పూణచ్చ.

"ఇప్పుడు చూడు."

ముల్లు ఊగింది. నిలిచింది. డబ్బా మీద రాసినదానికి నూరు గ్రాములు తక్కువ! గుడ్డసంచి బరువు కూడా కలుపుకుని!

"దొరికావ్!" గురుమల్లప్ప కేక దుకాణం దాటి వీధిలోకి పోయింది. "బ్యాటరీ మార్చావా? లోపల ఏం లాగేశావ్? పిలవండయ్యా పోలీసుల్ని!" అలా అరుస్తూ భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుని, కొంగు పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉంది. అచ్చం వంటగది గుమ్మం దగ్గర నిలబడినట్టే. అనుకున్నంతా అయింది, ఈమెకి ముందే తెలుసు, ఇద్దరూ కలిసే ఉన్నారు అనుకున్నాడాయన.

పూణచ్చ ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్ళి మూలనున్న కొరియరు కాటా మీద పెట్టాడు. ఎర్ర అంకెలు వెలిగాయి. అచ్చు వేసిన బరువే, గ్రాము అటూ ఇటూ లేదు.

"నీ కాటాలోనే దొంగతనముంది!" అంటూ గురుమల్లప్ప వంగి దాని మీద తూనికల శాఖ ముద్ర వెతికాడు. ఈ ఏడాది వేసిన ముద్ర. తన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు వేసిందే. దాన్ని తప్పుపట్టడానికి ఆయనకు నోరు రాలేదు. మెల్లగా తన కాటా తిప్పి చూశాడు. దాని మీద ఉన్నది ఆయన ఉద్యోగం చివరి ఏడాది తన చేత్తో వేసిన ముద్ర. ఏటా పరీక్ష చేయించాలని ఊరందరికీ జరిమానాలు వేసిన మనిషి, తన కాటాను మాత్రం మళ్ళీ పరీక్ష చేయించలేదు. తనదాన్ని తను అనుమానించడమేమిటి! రోజూ ముల్లు సున్నా మీద ఉందా అని మాత్రం చూసుకున్నాడు. వంటింటి ఆవిరికి లోపల స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోయిందని ఇప్పుడర్థమైంది.

ఇంకొకటి కూడా అర్థమైంది.

"మరి నువ్వు తెచ్చిన కూరగాయలు ఇన్నేళ్ళూ ఎలా సరిపోయాయే?"

నీలాంబిక తలెత్తింది. "కొసరు వేయించుకునేదాన్నండీ. కిలోకి గుప్పెడు. ఊరికే ఎవరూ వెయ్యలేదు, డబ్బిచ్చి కొన్నా. దీనికి కొసరు వేయించడానికి వీల్లేకపోయింది, అందుకే కాటా వద్దన్నా."

"నీకెప్పుడు తెలిసింది?"

"టమాటాల చిక్కతాయమ్మని మార్కెట్టులో నలుగురి ముందూ దొంగముండా అని తిట్టొచ్చారు చూడండి, ఆ రోజే. ఆవిడ తూకం తప్పదని నాకు తెలుసు. మీరు నిద్రపోయాక, పక్కింట్లో అడిగి తెచ్చిన ఉప్పు ప్యాకెట్టు తగిలించి చూశా. అదీ తగ్గింది. ఆవిడ ఆ చోటు వదిలి సందు చివరికి పోయింది. మళ్ళీ ఇంకొకరికి ఆ గతి పట్టకూడదని..."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే!"

"చెబితే మీరు కాటాని నమ్ముతారా, నన్ను నమ్ముతారా? అడగాలంటే భయమేసిందండీ."

దుకాణంలో ఎవరూ నవ్వలేదు. గురుమల్లప్ప తన కాటాను సంచిలో అడుక్కి తోసేశాడు. తర్వాత పూణచ్చతో "ఇదే ఇవ్వు బాబూ" అన్నాడు. పూణచ్చ ఊరికే ఇచ్చే సంచి కూడా ఇచ్చాడు. దాన్నీ ఆయన పేచీ పెట్టకుండా తీసుకున్నాడు.

ఆ సాయంత్రం దీపాల వేళకు తెర మీద గిరిజక్క ముఖం వెలిగింది. చెల్లెల్ని చూసి ముందు ఏడ్చింది, తర్వాత బీరకాయ తరుగుతున్న తీరు చూసి తిట్టింది. నీలాంబిక పెదాలు కదుపుతూ పకపకా నవ్వింది. గురుమల్లప్ప వరండాలో కూర్చుని ఆ నవ్వు వింటూ ఉండిపోయాడు. గుమ్మానికి మేకు ఒక్కటే మిగిలింది.

తెల్లారాక ఆయనే సంచి పట్టుకుని మార్కెట్టుకు పోయాడు. చిక్కతాయమ్మ సందు చివర, ఎండ ముఖాన కొట్టే చోట గోనె పరుచుకుని కూర్చుంది. ఆయన్ని చూడగానే తక్కెడ గోనెకింద దాచబోయింది.

"స్వామీ, మళ్ళీ ఏం తప్పు చేశాను?"

"తప్పు నీది కాదమ్మా. అప్పుడూ కాదు. నా కాటాదే తప్పు, నాదే తప్పు. నలుగురి ముందూ నిన్ను తిట్టాను, ఇప్పుడు నలుగురి ముందే చెబుతున్నా. కిలో టమాటాలియ్యి."

చిక్కతాయమ్మ ఆయన భుజం మీంచి వెనక్కి తొంగిచూసింది, వెంట ఇంకెవరొచ్చారోనని. ఎవరూ కనపడకపోయేసరికి ఆమె బెదురు ఇంకా పెరిగింది. టమాటాలు తూచింది. తక్కెడ సరిపోయాక పైన రెండు వేసింది.

"కొసరొద్దమ్మా. కిలోకి కిలో చాలు."

"అలాగే స్వామీ" అని ఇంకో రెండు వేసింది.

"నేను తూచనమ్మా, ఒట్టు! కాటా తీసేశాను."

"అలాగే స్వామీ. పిల్లలు గలదాన్ని, దయుంచండి" అంటూ గుప్పెడు పచ్చిమిరపకాయలు, కొత్తిమీర కట్ట కూడా సంచిలో కుక్కి, డబ్బులు తీసుకోకుండా చేతులు జోడించింది. ఆయన బలవంతాన నోటు గోనె మీద పెట్టి వచ్చేశాడు.

ఇంట్లో నీలాంబిక సంచి అందుకుని, చేత్తోనే బరువు చూసి ఆశ్చర్యపోయింది. "అయ్యో, ఇంత కొసరా! నేనెన్నడూ ఇంత వేయించుకోలేదే?"

గురుమల్లప్ప గుమ్మానికున్న ఖాళీ మేకు కేసి చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎంత చెప్పినా చిక్కతాయమ్మ నన్ను నమ్మలేదే, నీలా" అన్నాడు.