ఉపగ్రహానికి సాంబ్రాణి

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టిన ఘనుడు ఉప్పల్, నాచారం మొత్తం మీద నేనొక్కడినే. నవ్వండి గానీ మెల్లిగా నవ్వండి; పక్కింటివాళ్లకు ఈ సంగతి ఇంకా తెలియదు.

అప్పటికి నాకు అరవై రెండే, ఉడుకు రక్తం. నాచారం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేతు మిషన్ తిప్పి, చిల్కానగర్‌లో ఇంటిపట్టున ఉన్నాను. మా పై గదిలో అద్దెకుండే షారోన్ గాలిలోని ధూళి మీద పరిశోధన చేసేది. ఒకరోజు మిద్దె మీదికి కొత్త యంత్రం తెచ్చింది.

"మామా, ఉపగ్రహం పైనుంచి లేజర్ వెలుగు ఇడుస్తది. దుమ్ముకు, పొగకు తగిలి వాపసు పోయిన వెలుగుతోటి గాలిల ఏమున్నదో లెక్క గడ్తది. మన మిషన్ కిందికెల్లి గదే పని జేస్తది. రెండు లెక్కలు కలిస్తేనే నా థీసిస్. రేపు సరిగ్గ ఒంటిగంట ముప్పై రెండుకు మన మీదికెల్లి పోతది. మల్ల రావాలంటే పక్షం దాటాలె. గప్పటికి మబ్బులు కమ్మితే నాకు ఏడాది పోయినట్టే. నేను కాలేజీల ఉంట, జర స్విచ్ ఎయ్యి."

"ఫికర్ జెయ్యకు బిడ్డా!"

మర్నాడు మిద్దె ఎక్కాను. ఎండలో ఆకాశం ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. ఫ్యాక్టరీ సైరన్ ఎక్కడో కలలో మోగినట్టు మోగింది. అంత ఎత్తునుంచి పచ్చటి వెలుగు దారమొకటి జారి, మన ఉప్పల్ దుమ్మును రేణువు రేణువునా పలకరించి, తిరిగి పైకి పోతుందట! బస్సు వెనక లేచే దుమ్ముకు అంత మర్యాదా? తలుచుకుంటుంటే ఒళ్లు దూదిలా తేలిపోయింది.

ఆ మైకంలోనే బుర్ర వెలిగింది. నిమిషంతో సహా చెప్పిందంటే అది ముహూర్తం కాక మరేమిటి? కొత్త మిషన్‌కు పూజ చేయకుండా మా ఫ్యాక్టరీలో ఏనాడైనా నడిపించామా? సరిగ్గా ముప్పై రెండుకు స్విచ్ వేసి, సకల లాంఛనాలూ జరిపించాను.

రెండు రోజులకు షారోన్ వాడిన మొహంతో లాప్‌టాప్ పట్టుకొని దిగింది.

"మామా, ఉపగ్రహం గాలి మంచిగున్నదంటది. మన మిషన్ పొగే పొగ అంటది. ఏమన్న కాలిందా?"

"నాచారంల ఏదో కంపెనీ తగలబడ్డట్టుంది బిడ్డా. మస్తు పొగ. సూర్యుడే కనవడలే."

"గట్లనా! అయితే ఉపగ్రహందే తప్పు. మా సార్‌కు రాస్త."

టపటపా టైపు మొదలెట్టింది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశారు. పొగబెట్టి ఉపగ్రహం ఓడన్నవాణ్ని చూశారా? ఆ పిల్ల చదువు నా అబద్ధంలో కాలిపోతోందని లాప్‌టాప్‌కు చెయ్యి అడ్డం పెట్టాను.

"రాయకు బిడ్డా. కాలింది సాంబ్రాణి."

"ఎంత?"

"జరంత... డబ్బ మొత్తం."

"మరి ముప్పై నాలుగు నుంచి ఏం కనిపిస్తలేదు, గదేంది?"

"కొబ్బరికాయ. మిషన్ మీద కొట్టలే! నీళ్లే దాని అద్దం మీద చిందినయ్."

షారోన్ మెట్ల మీద కూలబడి తల పట్టుకుంది. కాసేపటికి ఆ తల నవ్వుతో ఊగసాగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పక్షం దాటాక, మబ్బులకంటే ముందే ఉపగ్రహం వచ్చింది. ఆ పూట షారోన్ నన్ను ఉప్పల్ చౌరస్తాకు చాయ్ తాగమని తరిమి, తనే పైన నిలబడింది. లెక్కలు కలిశాయి. థీసిస్ మొదటి పేజీల్లో నన్నూ ఎక్కించింది: "రెండోసారి మిద్దె మీద లేనందుకు మామకు కృతజ్ఞతలు."

కనుక ఉప్పల్ దుమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆకాశం వైపు చూసే ఏ యంత్రానికైనా ఇకమీదట దూరం నుంచే దండం పెడతాను; అదీ ఊపిరి బిగబట్టి.